మేం చూసిన మూడో ట్రాక్టరు

ఆ ఎండాకాలం పాత ట్రాక్టర్లు చూస్తూ తిరిగాను. ఎనభైల చివరి రోజులు. మా ఆయన గల్ఫ్‌లో రెండో కాంట్రాక్టు మీద ఉన్నాడు. ఆర్మూరుకు దగ్గర్లోనే మా ఊరు. అయిదెకరాల భూమి, సగంలో పసుపు, సగంలో మక్క. ఇంట్లో నేను, అత్తమ్మ, ఇద్దరు పిల్లలు. పొలం పని ఉన్న రోజు పొలం, లేని రోజు బీడీలు.

ఎడ్ల జతలో ఒకటి పాము కరిచి చచ్చిపోయాక దుక్కికి అద్దె ట్రాక్టరే దిక్కయింది. ఊళ్ళో రెండే ఉండేవి. మగవాళ్ళున్న ఇళ్ళవాళ్ళు తెల్లారకముందే పోయి డ్రైవరును లేపి వెంట తీసుకుపోయేవారు. నేను అడిగితే "రేపొస్త అక్కా" అనేవాడు. ఆ రేపు వచ్చేసరికి వాన తడి ఆరిపోయి, మట్టి పెళ్ళలు పెళ్ళలుగా లేచేది. రెండేళ్ళు అలా వేగి, చివరికి మా ఆయనకు ఉత్తరం రాశాను. నెలరోజులకు జవాబు వచ్చింది. "కొత్తది మనతోని కాదు. పాతదాంట్ల మంచిది దొరుకుతదేమో చూడు. మీ కాకను తోల్కపో" అని రాశాడు.

కాక అంటే మా నాన్న తమ్ముడు. బస్సు డిపోలో ముప్పై ఏళ్ళు మెకానిక్‌గా చేసి అప్పుడే రిటైరయ్యాడు. మోకాళ్ళు అరిగిపోయి, రెండు మెట్లెక్కాలన్నా గోడ పట్టుకునేవాడు. నేను పోయి అడిగితే కాదనలేదు. "పోదాం తీ బిడ్డా" అని చొక్కా తొడుక్కున్నాడు, ఆ రోజే పోవాలన్నట్టు.

మొదటి ట్రాక్టరు ఆర్మూరులోనే చూశాం. తళతళ మెరుస్తోంది. కాక దాని చుట్టూ ఒకసారి తిరిగి, వంగి, ఇంజను కిందిభాగాన్ని గోటితో గీకాడు. రంగు పెచ్చుగా ఊడివచ్చింది. దాని వెనక గడ్డకట్టిన ఆయిలు, దుమ్ము. కడగకుండానే రంగు పూసేశారు. ఆయిలు చూసే పుల్ల బయటికి లాగితే పాలెక్కువైన చాయ రంగులో ఉంది. "ఆయిల్ల నీళ్ళు కలుస్తున్నయి" అని నాతో మెల్లగా అని, పుల్లను మళ్ళీ పెట్టేశాడు.

రెండోది బాల్కొండ దిక్కు. అక్కడ కాక ఏమీ విప్పలేదు. పోగానే ఇంజను మీద అరచెయ్యి పెట్టి, అమ్మేవాణ్ణి అడిగాడు.

"పొద్దుగాల నడిపిన్రా?"

"లేదు మేస్త్రీ, నాలుగొద్దులాయె ముట్టక."

"మరి గరమెందుకున్నది?"

"ఎండకు."

ట్రాక్టరు కొట్టంలో నీడన ఉంది. కాక వెనుదిరిగి నడిచాడు. చల్లటి ఇంజను ఎలా స్టార్టవుతుందో చూస్తేనే దాని రోగం తెలుస్తుందని, అందుకే కొందరు మనం పోయేలోపు ఒకసారి నడిపి ఉంచుతారని బస్సులో చెప్పాడు. ఆ రెండు చోట్లా ఒక్కరు కూడా నాతో మాట్లాడలేదు. ధర చెప్పినా, కాగితాలు చూపినా అన్నీ కాకకే. నేను పక్కన నిలబడి కొంగుతో చెమట తుడుచుకోవడం తప్ప నాకు అక్కడ పనేమీ లేనట్టుండేది.

మూడోదాని సంగతి స్పేర్ పార్టులమ్మే దుకాణంలో తెలిసింది. భీమ్‌గల్ అవతల ఒక ఊళ్ళో ఉంది, ఆరు నెలలుగా అమ్మకానికి పెట్టినా ఎవరూ తీసుకోవడం లేదు అన్నారు. ఎందుకని కాక అడిగితే దుకాణమాయన "నాకు తెల్వది, పోయి చూడుండ్రి" అని వేరే గిరాకీ దిక్కు తిరిగాడు.

భీమ్‌గల్‌లో బస్సు దిగి రెండు మైళ్ళు నడిచాం. కాక ప్రతి చెట్టు కిందా ఆగాడు. నాకూ కాళ్ళు లాగుతున్నాయి. ముందురోజంతా పసుపు ఎండబెట్టిన కళ్ళంలో వంగి ఏరిన నడుము ఇంకా తిన్నగా కాలేదు. ఈ ఒక్కటీ చూసి ఇక చాలిద్దామని మనసులో అనుకున్నాను, పైకి అనలేదు.

అమ్మే మనిషికి నలభై ఏళ్ళుంటాయి. మాట తక్కువ. రేకుల షెడ్డులో దుమ్ముకొట్టుకుపోయిన ట్రాక్టరును చూపించి పక్కకు జరిగాడు. అరుగు మీద ఒకామె తల వంచుకుని బీడీలు చేస్తోంది. నా వయసే ఉంటుంది. మమ్మల్ని ఒకసారి చూసి మళ్ళీ చాటలోకి చూసుకుంది.

కాక ఇంజను మీద చెయ్యి పెట్టాడు. "సల్లగున్నది" అన్నాడు. ఆ నెలలో ఆయన ముఖం కాస్త తేటపడటం అదే మొదటిసారి. పుల్ల లాగి ఆయిలును రెండు వేళ్ళ మధ్య రుద్దాడు. నల్లగా ఉంది కాని ఇసుకలా తగలడం లేదన్నాడు. రేడియేటరు మూత తీసి నీళ్ళ మీద జిడ్డు తేలుతోందా అని చూశాడు. అమ్మే మనిషి ఎక్కి స్టార్టు చేశాడు. రెండుసార్లు మూలిగి మూడోసారికి అందుకుంది. తెల్లటి పొగ గుప్పున లేచి కాసేపటికి పలచబడింది.

కాక సంచిలోంచి పొడుగాటి స్క్రూ డ్రైవరు తీశాడు. దాని మొన ఇంజనుకు ఆనించి, పిడి చెవికి పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. తర్వాత దాన్ని నా చేతికిచ్చాడు.

"నువ్వు గూడ విను."

"నాకేం తెలుస్తది కాకా?"

"కొనేది నువ్వు. విను."

విన్నాను. లోపల టకటకమని ఒకే తీరుగా ఏదో కొట్టుకుంటోంది. "గట్ల ఒక్కతీరుగ ఉంటే మంచిదే. నడుమ గరగరమన్నదనుకో, బేరింగు పోయినట్టు" అన్నాడు. అమ్మే మనిషి మొదటిసారి నా దిక్కు చూశాడు.

తర్వాత వెనక నాగలి తగిలించి, పైకి లేపించి, ఇంజను ఆపేశారు. నాగలిని పైకెత్తే లిఫ్టు పట్టు నిలుస్తుందా లేదా చూడాలని నాగలి కొస పక్కనే కాక ఒక పుల్లను కొలతగా నిలబెట్టాడు. మాకు చాయ వచ్చింది. తాగేలోపు నాగలి జానెడు దిగింది. "లోపలి రబ్బర్లు అయిపోయినయి. మార్చుకోవచ్చు" అన్నాడు.

అంతా అయిపోయిందనుకుని నేను గ్లాసు కింద పెట్టాను. కాక మాత్రం కుడివైపు మడ్గార్డు దగ్గర ఆగిపోయాడు. అక్కడ పొడుగ్గా వెల్డింగు గీత ఉంది. పాత బండికి స్టీరింగు చక్రం ఒక్కటే కొత్తది. బానెటు అంచు వెంట చెయ్యి నడిపించి, నొప్పితో మూలుగుతూ కిందికి కూర్చుని ముందు ఇరుసును చాలాసేపు చూశాడు. లేవడానికి నేను చెయ్యి అందించాను. లేచి నిలబడి, చేతులు దులుపుకుని, అమ్మే మనిషిని అడిగాడు.

"పల్టీ ఎప్పుడు కొట్టింది?"

ఆయన నేల చూపులు చూశాడు. "పోయిన వానకాలం."

"మనిషి?"

జవాబు అరుగు మీది నుంచి వచ్చింది. బీడీ చుట్టే చెయ్యి ఆపకుండానే ఆమె అంది.

"మా ఇంటాయన. కల్వర్టు కాడి మలుపుల."

 అమ్మే మనిషి తల ఎత్తకుండానే అన్నాడు. "నా తమ్ముడు. దాచిపెట్టాలని కాదు మేస్త్రీ. చెప్తే వచ్చినోళ్ళు మంచినీళ్ళు గూడ తాగకుంట పోతున్నరు."

కాక ట్రాక్టరు మెట్టు దగ్గరకు పోయి బ్రేకులు చూశాడు. ట్రాక్టరుకు బ్రేకు పెడళ్ళు రెండుంటాయి, వెనక చక్రానికొకటి. పొలంలో ఒక్కటే తొక్కితే బండి ఉన్నచోటే మలుపు తిరుగుతుంది. రోడ్డెక్కగానే ఆ రెండింటినీ ఒక ఇనుప పట్టీతో కలిపేయాలి. కలపకుండా వేగంలో ఒక్కటే తొక్కితే ఒక చక్రం ఆగి, రెండోది తిరుగుతూ బండి పక్కకు పడిపోతుంది. ఆ పట్టీ అక్కడ లేదు. అది ఉండాల్సిన చోట తుప్పు పట్టిన రంధ్రం మాత్రం ఉంది.

"లాకు లేదేంది?"

"పొలంల కాలికి అడ్డమొస్తున్నదని మా తమ్ముడే ఊడదీసిండు. మళ్ళ పెట్టలే."

కాక తల ఊపాడు. నాకు ఎటు చూడాలో తెలియక అరుగు మీదికి పోయి ఆమె పక్కన కూర్చున్నాను. చాటలో ఆకు, పొగాకు, దారం. మా ఇంట్లో ఉన్నట్టే. ఆమె చాటను కొంచెం పక్కకు జరిపి చోటిచ్చింది.

"మీ దిక్కు ఆకు ఎట్లొస్తున్నది అక్కా?" అని అడిగింది.

"మంచిగలేదు. చుడుతుంటెనే పలుగుతున్నది."

"ఈడ గూడ అంతే."

చుట్టిన బీడీకి దారం కట్టి, "మీ ఇంట్ల ఎవరు తోల్తరు?" అంది.

"మా ఆయన దుబాయిల ఉన్నడు. జీతానికి డ్రైవర్ని పెట్టాలె."

"రెండు కలిపి తొక్కుమను" అంది.  సరేనన్నాను.  లేచేటప్పుడు ఆమె భుజం మీద చెయ్యి వేశాను. ఆమె చుట్టడం ఆపలేదు.

భీమ్‌గల్ బస్టాండులో బల్ల మీద కూర్చుని కాక మోకాళ్ళు రుద్దుకున్నాడు. "ఇంజను మంచిది బిడ్డా. ఇంకో ఆరేడేండ్లు ఫికర్ లేదు. లిఫ్టు చేపియ్యాలె, ముంగటి టైర్లు మార్చాలె. ఇనుము సంగతి నేను చెప్పిన. మనిషి సంగతి నువ్వే చూసుకోవాలె" అన్నాడు.

నేను కొంగుతో ముఖం తుడుచుకున్నాను.

"భయమైతున్నదా?"

"లేదు కాకా. అలిసిపోయిన."

"నేను గూడ" అన్నాడు.

నిజం చెప్పాలంటే ఆ ట్రాక్టరు కొనాలని నేను తీర్మానించుకోవడానికి ఇంజను మంచిదవడం ఒక కారణమైతే, నాలుగోదాన్ని చూడటానికి మళ్ళీ బస్సెక్కే ఓపిక లేకపోవడం ఇంకో కారణం. చనిపోయిన మనిషి గురించి ఆలోచించలేదని కాదు. ఆలోచించాను. కాని వాన వచ్చేలోపు నా భూమి దున్నాలన్నదే ఎక్కువ ఆలోచించాను. అత్తమ్మకు మాత్రం పల్టీ సంగతి చెప్పలేదు.

వారం తర్వాత మళ్ళీ పోయాం. కాక బేరం ఆడలేదు. కాగితాలు బీడీలు చేసే ఆమె పేరు మీదికి మారి ఉన్నాయి. ఆమె పెన్ను పట్టుకుని ఒక్కొక్క అక్షరం నొక్కి రాస్తూ సంతకం పెట్టింది. కాక ఆర్మూరులో లేతు మిషను మీద కొత్త పట్టీ చేయించి సంచిలో వేసుకొచ్చాడు. ట్రాక్టరును కదిలించకముందే దాన్ని బిగించాడు. సుత్తితో రెండు దెబ్బలు వేసి, రెండు పెడళ్ళ మీదా కాలు పెట్టి, అవి ఒక్కసారే దిగడం చూసుకున్నాడు. ఆమె అరుగు మీద నిలబడి అది చూసింది. ఇంజను స్టార్టయ్యేసరికి లోపలికి పోయింది.

ఇంటిదాకా కాకే నడిపాడు. నేను మడ్గార్డు మీద కూర్చుని ఇనుప కడ్డీ పట్టుకున్నాను. వేడి కిందినుంచీ వస్తోంది, పైనుంచీ వస్తోంది. కల్వర్టు దగ్గర కాక బండిని నడక వేగానికి తెచ్చాడు. ఇద్దరం అటువైపు చూడలేదు. దారిలో మూడుసార్లు ఆగి కాళ్ళు చాపుకున్నాడు. ఇల్లు చేరాక మాత్రం సీటు మీది నుంచి దిగలేకపోయాడు. పక్కింటాయన, నేను చెరో రెక్క పట్టుకుని దించాం. మంచం మీద వాలి, "ఇగ నన్ను బండ్లు చూడ పిలువకు బిడ్డా" అన్నాడు. అని వెంటనే నిద్రపోయాడు. అత్తమ్మ ఆయన కాళ్ళకు వేడినీళ్ళ కాపడం పెట్టింది, ఆయనకు తెలియనే తెలియదు.

ఆ ఏడు మొదటి వానకే మా దుక్కి అయిపోయింది. జీతానికి పెట్టిన డ్రైవరుకు మొదటి రోజే పట్టీ సంగతి చెప్పాను. ప్రతిసారీ చెప్తుంటే విసుక్కునేవాడు. విసుక్కున్నా చెప్పాను.

మా ఆయన ఏడాది దాటాక సెలవు మీద వచ్చాడు. వచ్చిన మూడో రోజు మధ్యాహ్నం, అన్నం తిన్నాక, జరిగినదంతా చెప్పాను. ఆయన బయటికి పోయి ట్రాక్టరును చూసి వచ్చాడు. కోప్పడతాడనుకున్నాను. గడప మీద కూర్చుని, "ఎన్ని ఊర్లు తిరిగిన్రు?" అని అడిగాడు.

"మూడే."

"గా ఎండల?"

"ఎండలనే."

 బావి నుంచి నీళ్ళు తోడి తెచ్చి ట్రాక్టరు కడగడం మొదలుపెట్టాడు. బకెట్టు చప్పుడు, నీళ్ళు రేకు మీద పడే చప్పుడు వింటూ నేను నేల మీద అలాగే ఒరిగాను. లేచేసరికి పొద్దు వాలింది. పిల్లలకు అన్నం ఎవరో పెట్టేశారు.