తడబడిన చోట పెన్సిల్ గీత

కొత్త కీబోర్డు మీటలు మరీ మెత్తగా ఉన్నాయి. వేలు ఆనీ ఆనకముందే చప్పుడు లేకుండా లోపలికి దిగిపోతాయి. పాతదాన్ని గట్టిగా ఒత్తితే తప్ప పలికేది కాదు. ఆ టకటక వినపడుతున్నంతసేపు పని సాగుతోందని నాకొక ధైర్యం. మొన్న పొద్దున ప్రెస్సులో ఈ కొత్తదాని ముందు కూర్చుని, అలవాటు కొద్దీ చూపు కాగితం మీదే ఉంచి 'శ్రీరస్తు శుభమస్తు' అని కొట్టాను. తల ఎత్తి చూస్తే తెరమీద ఏ భాషకూ చెందని గీతలు. ఇప్పుడు ఇంగ్లీషు అక్షరాలు కొడితే అవే తెలుగై వస్తాయట. గుడి ఒక మీటకు, కొమ్ము ఒక మీటకు ఉండే మా పాత పద్ధతి ఇక పనిచేయదట. వేళ్లకు ఆ సంగతి ఎవరు చెప్పాలి? అరచేతులకు చెమట పట్టింది. కొంగుకు తుడుచుకున్నాను. మళ్లీ పట్టింది, మళ్లీ తుడుచుకున్నాను. అలా తుడుచుకుంటూ ఉంటే మా సేటు గుర్తొచ్చారు. ఆయనా అంతే, భుజం మీది తువ్వాలుకు చేతులు తుడుచుకుంటూనే బతుకంతా గడిపారు.

సేటు అంటే లక్ష్మీరాజం సేటు. సిద్దిపేటలో బట్టల దుకాణాల వరుస చివర, నాలుగు మెట్లు దిగి వెళ్లాల్సిన చిన్న ప్రెస్సు ఆయనది. పెళ్లిపత్రికలు, గృహప్రవేశాలు, దశదినకర్మ కార్డులు. చుట్టుపక్కల ఊళ్లలో మంచి జరిగినా చెడు జరిగినా కబురు మా మెట్ల మీదుగానే బయటికి వెళ్లేది. మిరుదొడ్డిలో పుట్టి సిద్దిపేటకు కోడలిగా వచ్చిన నేను, డిగ్రీలో తెలుగు చదివానన్న ఒక్క ధీమాతో ప్రూఫులు దిద్దడానికి అక్కడ చేరాను. తర్వాత టైపు చేయడమూ నా మీదే పడింది. సేటు పోయి కొన్నేళ్లయింది. ఇప్పుడు ప్రెస్సు ఆయన కొడుకు రమేశ్‌ది. నన్ను అక్కా అనే పిలుస్తాడు, మంచివాడే.

ఆ మంచితనమే నన్ను భయపెడుతోంది. కొత్త కంప్యూటర్ బిగించిన రోజున రమేశ్ నా పక్కకు వచ్చి మెల్లగా అన్నాడు. "అక్కా, గీ మూఢం పోయేలోపట నేర్చుకో. ముహూర్తాలు మొదలైతె మనకు ఊపిరి సలుపది. నీకు కష్టమైతదంటె చెప్పు, నేర్చిన పిల్లనెవరినన్న పెడ్త."

కసిరినా బాగుండేది, నేనూ ఒక మాట అనేదాన్ని. కష్టమైతే చెప్పు అన్నవాడిని ఏమనాలి? పత్రికలు రాయడం తప్ప నాకు మరో విద్య రాదు. ఈ కుర్చీ పోతే నేను ఇంట్లో కూర్చుని ఇతరుల పత్రికల్లో తప్పులు వెతుక్కునే మనిషినవుతాను, అంతే.

దాని మీద ఇంకొకటి వచ్చిపడింది. చంద్లాపూర్ నుంచి ఒక పెళ్లికూతురు తన పత్రిక మాట్లాడుకోవడానికి తానే వచ్చింది. పాత నమూనాలు ముందు పెడితే ఒకటీ ముట్టుకోలేదు. "ఇవన్ని వద్దు మేడం. మా ఇంట్ల మేమెట్ల మాట్లాడుతమో గట్లనే రాయాలె. మా లగ్గమున్నది, రాండ్రి అన్నట్టు. సదివితె మా అవ్వ పిలిచినట్టుండాలె," అంది.

నేను నవ్వాను గానీ నా చూపు నా చేతి మీదికి పోయింది. ఇన్నేళ్లుగా జనం రాసి తెచ్చిన చీటీల్లో 'లగ్గం' కనపడితే ఎర్రపెన్నుతో కొట్టేసి 'వివాహం' అని దిద్దిన చేయి ఇది. ఆ మాటనే ఇప్పుడు ఆ పిల్ల కావాలని అడుగుతోంది. కీబోర్డే కాదు, నా కింద నేల కూడా జరుగుతోందనిపించింది. ఆ రోజంతా సేటు నా వెనకే నిలబడి ఉన్నట్టు ఉంది.

సేటుకు ఒక పద్ధతి ఉండేది. ఏ పత్రికైనా అచ్చుకు ఎక్కించే ముందు బయటి మనిషి ఎవరైనా దాన్ని పైకి చదవాలి. ఇంటివాళ్లు చదివితే చెల్లదు, వాళ్లకు అందులో ఏముందో ముందే తెలుసు కదా. అందుకని మెట్లెక్కి రోడ్డు మీదికి వెళ్లి, బస్సు కోసం నిలబడ్డవాళ్లనో కూరగాయల సంచీతో వెళ్తున్నవాళ్లనో బతిమాలి పిలుచుకొచ్చేవారు. చాయ్ పోయించి, "జెర గిది సదివి పెట్టు తల్లీ," అని కాగితం చేతిలో పెట్టేవారు. తర్వాత గోడవైపు తిరిగి నిలబడేవారు. ముఖం చూపిస్తే వాళ్లు మొహమాటపడి జాగ్రత్తగా చదువుతారట. వెనక్కి కట్టుకున్న చేతుల్లో తువ్వాలు మెలికలు తిరుగుతూ ఉండేది. చదివేవాళ్లు ఎక్కడ తడబడితే అక్కడ నేను పెన్సిల్‌తో గీత పెట్టాలి. గీత పడ్డ మాటను ఆయన మార్చేవారు, అది ఎంత అందమైన మాటైనా సరే. చదువురానివాళ్లు దొరికితే నన్ను చదవమని, వాళ్ల ముఖం గమనించమనేవారు.

మొదట్లో నాకది పిచ్చిపనిలా తోచింది. సేటుకు ఆ పిచ్చి ఎలా పట్టుకుందో ఆయనే చెప్పారు. అంతకుముందు పత్రిక రాయడంలో ఆయన్ని మించినవాళ్లు లేరని ఊళ్లో పేరట. సమాసం మీద సమాసం పేర్చి, ఊపిరాడకుండా రాసేవారట. ఒకసారి పక్కనున్న బట్టల దుకాణం వాళ్లింట్లో పెళ్లి. ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టి సేటు తన పత్రికను రాగం తీసి చదివారు. అందరూ తలలూపారు. పెళ్లికూతురి నానమ్మ మాత్రం అంతా విని, "మస్తున్నది గని రాజమూ, అండ్ల మా పిల్ల పేరేడచ్చింది?" అని అడిగింది. పేరుంది. ముందూ వెనకా బిరుదుల మధ్య ఎక్కడో ఉంది. పెళ్లికూతురు పడీపడీ నవ్విందట.

"అందరు నవ్విన్రు బిడ్డా, నేను గూడ నవ్విన," అన్నారు సేటు నాతో. "గని ఇంటికి పోయి అన్నం ముందల గూసుంటె ముద్ద దిగలే. ఎన్ని పత్రికలల్ల ఎంతమంది పిల్లల పేర్లు నేను గట్ల ముంచిన్నో."

అప్పటి నుంచి ఆయనకు శాంతి లేదు. ఒక పత్రిక బాగా వచ్చిందని సంతోషపడగా నేను చూడలేదు. కట్టలు కట్టి ఇచ్చాక కూడా ఒకటి తన దగ్గర ఉంచుకుని, కళ్లజోడు పైకీ కిందికీ జరుపుతూ ఏదో ఒకటి వెతుక్కునేవారు.

కంప్యూటర్ వచ్చిన కాలం ఆయనకు మరీ కష్టకాలం. అంతకుముందు చేత్తో పేర్చి అచ్చువేసిన సీసపు అక్షరాలను గళ్లపెట్టెలతో సహా పాతసామాన్ల వాడికి తూకానికి ఇచ్చేసినప్పుడు సేటు ప్రెస్సులో లేరు. ఎదురుగా ఉన్న చాయ్ హోటల్లో, రోడ్డుకు వీపు పెట్టి కూర్చున్నారు. బండి వెళ్లిపోయిందని చెప్పడానికి నేను వెళితే, "మొత్తం వొయినయా?" అని ఒక్క మాట అడిగారు. మరుసటి వారం స్టూలు ఒకటి లాక్కుని నా పక్కన కూర్చున్నారు. అప్పటికే అరవై దాటిన మనిషి. చూపుడువేలు ఒక్కటే ముందుకు చాచి, మీటల మీద గాల్లో తిప్పుతూ, "కొమ్ము ఏడవెట్టిన్రే వీళ్లు?" అని గొణుగుతూ ఉండేవారు. తప్పు పడితే తెర వైపు కాదు, నా వైపు చూసేవారు, నేను నవ్వుతున్నానేమోనని.

"మీకెందుకు సేటూ ఈ తిప్పలు, నేను కొడుతున్న గదా," అన్నాను ఒక రోజు ఉండబట్టలేక.

"నువ్వు కొడ్తున్నవు. ఏం కొడ్తున్నవో నాకు తెల్వకపోతె ఎట్ల? అది నా దుకాణమెట్లయితది?" అన్నారు. తెర వైపు తల తిప్పి, "నాకు గీ డబ్బ నచ్చుతదనుకున్నవా? అస్సలు నచ్చది. నాకు నచ్చుడు ఎవ్వనికి గావాలె!" అని మళ్లీ వేలు చాచారు.

అప్పట్లో నా వేళ్లు పరిగెత్తేవి. భయమనేది పెద్దవాళ్ల జబ్బు అనుకునేదాన్ని. మోకాళ్ల నొప్పుల్లాగా అది కూడా వయసుతో వస్తుందనీ, నాకింకా చాలా కాలముందనీ లెక్క వేసుకున్నాను.

ఆ లెక్క తప్పని దవాఖానలో తెలిసింది. సేటు చివరి రోజులవి. పలకరించడానికి వెళ్తే మందుల సంగతి చెప్పనివ్వలేదు, చేతిలో ఏమైనా పత్రిక ఉందా అని అడిగారు. ఉంది. చదివాను. కళ్లు మూసుకుని విన్నారు. దుప్పటి అంచు వేళ్ల మధ్య మెలికలు తిరుగుతోంది. మంచం మీద కూడా ఈయనకు ఈ కంగారేమిటి దేవుడా అనిపించింది.

"ఇంకా గూడ భయమేనా సేటూ? ఇన్నేండ్ల సంది చేస్తున్నరు గదా," అన్నాను.

"ఇన్నేండ్లా?" అని కళ్లు తెరిచారు. "మొదటి పత్రిక నాడు ఎంత భయముండెనో ఇయ్యాల గంతే ఉన్నది బిడ్డా. ఇరువై ఏండ్లప్పుడు, చిన్నోణ్ని గదా అందుకే భయం అనుకున్న. అరువై ఏండ్లప్పుడు, ముసలోణ్నైన అందుకే అనుకున్న. ఉత్తగ వయసును బద్నాం చేసిన." తర్వాత నేను చదివిన పత్రికలో ఒక మాట దగ్గర నా గొంతు ఆగిందనీ, అక్కడ చూసుకోమనీ చెప్పారు. నాకు ఆగినట్టు తెలియదు. ప్రెస్సుకు వచ్చి పైకి చదువుకుంటే నిజంగానే ఆగింది. మార్చాను. ఆ పత్రిక అచ్చయి వచ్చేసరికి ఆయన లేరు.

చంద్లాపూర్ పిల్ల పత్రికను నేను ముందు కాగితం మీద పెన్నుతో రాసుకున్నాను. 'మా బిడ్డ లగ్గమున్నది. మీరందరు రావాలె. మీరస్తేనే మాకు పండుగ. పిల్లజెల్లను అందర్ని తోలుకొని, పొద్దుగాల్నే రాండ్రి.' రాస్తుంటే తప్పు చేస్తున్నట్టే ఉంది. పుట్టినప్పటి నుంచి విన్న మాటలే, మా అవ్వ నోట, మా బాపు నోట. అచ్చులో చూడాలంటే మాత్రం ఎవరో వచ్చి చెవి మెలిపెడతారని భయం. పైకి చదివితే ఇంకా విచిత్రం. 'రాండ్రి' అని రాసి ఉన్నచోట నా నోరు దానంతట అదే 'రండి' అని దిద్దేస్తోంది. ఇన్నేళ్లూ పక్కవాళ్ల తడబాటుకు గీతలు పెట్టినదాన్ని, నా కాగితం నిండా నాకే గీతలు పెట్టుకున్నాను. తర్వాత ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటూ, కొత్త పద్ధతిలో దాన్ని తెరమీదికి ఎక్కించేసరికి మధ్యాహ్నం దాటింది. రమేశ్ రెండుసార్లు వచ్చి చూసి వెళ్లాడు.

అప్పుడే బెజ్జంకి నుంచి ఒక పెద్దమ్మ ఏదో కాగితం జిరాక్స్ తీయించుకోవడానికి మెట్లు దిగి వచ్చింది. ఎండకు అలసిపోయి ఉంది. స్టూలు వేసి మంచినీళ్లిచ్చాను. "అమ్మా, నేనొకటి సదువుత, జెర వింటవా?" అన్నాను. "సదువు, నాకు సదువస్తదా ఏమన్ననా," అంది. ఆమె ముఖం చూస్తూ చదివే ధైర్యం లేక గోడవైపు తిరిగాను. ఈసారి నోరు దిద్దలేదు. ఉన్నది ఉన్నట్టు చదివాను. చివరి మాట దాకా వెనక్కి తిరగలేదు. నా అరచేతులు మళ్లీ తడిసిపోయాయి.

"వస్త బిడ్డా, రాకుంటెట్ల," అంది వెనక నుంచి పెద్దమ్మ. "ఎన్నడు లగ్గం?"

రమేశ్ నవ్వాడు. నాకు నవ్వు రాలేదు, కళ్లలో నీళ్లొచ్చాయి. ఎన్ని పత్రికలు చదివి వినిపించి ఉంటానో, బాగుందన్నారు, పెద్దగా ఉందన్నారు, తలలూపారు. వస్తానని జవాబు చెప్పినవాళ్లు లేరు.

రమేశ్ కాసేపు తెర వైపు, కాసేపు నా వైపు చూశాడు. "అక్కా, టైపుకు పిల్లను పెడుదం. నువ్వు ఒక్క పత్రికకు గింతసేపు చేస్తె సీజన్ నడువది," అన్నాడు. "గని మాటలు నువ్వే రాయాలె. ఆ పిల్ల పక్కపొంటి నువ్వు గూసుండాలె," అన్నాడు వెంటనే. అంటే నా కుర్చీ పోయింది, పక్కన ఇంకో కుర్చీ పడింది. సంతోషించాలో బాధపడాలో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. ఆ అమ్మాయి నన్ను చూసి నవ్వుతుందేమో. రేపు ఈ లగ్గం పత్రికలు కూడా పాతబడి, జనం ఇంకేదో అడుగుతారేమో, అప్పటికి నా నోరు ఇంకెంత మొండికేస్తుందో. ఈ కంగారు ఇక పోయేది కాదు. సేటు నాకు అప్పగించి వెళ్లినది ఇదేనేమో అని కూడా అనిపిస్తుంది. ఒకందుకు మాత్రం ఊరట, దాన్ని నేను వయసు మీద నెట్టడం మానేశాను.

ఆ రోజు రమేశ్ మాట ముగించేసరికి పెద్దమ్మ ఇంకా స్టూలు మీదే కూర్చుని ఉంది. జిరాక్స్ కాగితాలు మడిచి కొంగున ముడి వేసుకుంటూ, "ఎన్నడంటివి?" అని మళ్లీ అడిగింది. అది ఎవరిదో లగ్గమనీ, వాళ్లు ఆమెకు ఏమీ కారనీ చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఏ రోజో, ఏ ఊరో చెప్పాను.