బోణీ కాని పూట

మొన్న పొద్దున్నే మా అమ్మాయికి చుడీదారు కొందామని విజయనగరం బస్ కాంప్లెక్స్ ఎదురుగా ఉన్న మాల్‌కి వెళ్ళాం. అప్పుడే తలుపులు తీశారు, ఫినాయిల్ వాసన ఇంకా పోలేదు. బిల్లు దగ్గర కూర్చున్న పిల్ల నా కార్డు అందుకుని, గీకేముందు చటుక్కున కళ్ళకద్దుకుంది. ఎవరైనా చూశారేమోనని అటూ ఇటూ చూసింది. నేను చూశాను. చూసి, అద్దాల గోడలోంచి రోడ్డవతల మా పాత కొట్టున్న చోటు వైపు చూస్తూ అలా ఉండిపోయాను.

ఈ మాల్ తెరిచిన రోజు మరిచిపోయేది కాదు. మాది బట్టల కొట్టు. వెనకే ఇల్లు, మధ్యన ఒక్క తలుపు. గజపతినగరం బస్సు, శృంగవరపుకోట బస్సు దిగిన జనం తిన్నగా మా మెట్లెక్కేవారు. బోణీ అయితేగాని ఫలహారం ముట్టకూడదన్నది మామగారి నియమం. బోణీ ఏనాడూ తొమ్మిది దాటలేదు గనక, ఆయనకి చక్కెర జబ్బు వచ్చాక కూడా అది మాకు బరువనిపించలేదు. మాత్ర వేసుకున్నాక తిండి ఆలస్యమైతే పడిపోతారని డాక్టరు చెప్పనే చెప్పాడు. ఆ రోజూ మాత్ర వేసుకునే కొట్లో కూర్చున్నారు.

బస్సులు వస్తూనే ఉన్నాయి. దిగినవాళ్ళు దిగినట్టే రోడ్డు దాటి మాల్ ముందరి బ్యాండు మేళం వైపు పోతున్నారు. పది దాటాక ఒక్క మనిషి మెట్లెక్కాడు, పాతికేళ్ళుగా మా దగ్గరే పంచెలు కొనే శృంగవరపుకోట రైతు. మామగారు మీటరు బద్ద అందుకున్నారు. ఆ రైతు భుజాన ఉన్న సంచి దింపి, "సావుకారూ, దీన్ని కాస్త సూస్తుండండి. ఆ మాల్లోకి సంచులు రానివ్వరంట" అన్నాడు. మామగారు బద్ద కింద పెట్టి, సంచిని జాగ్రత్తగా పక్కన పెట్టుకున్నారు.

పదకొండయ్యేసరికి ఆయన నుదుటి నిండా చెమట, మాట ముద్దగా వస్తోంది. పంచదార నీళ్ళు పట్టుకెళితే వద్దన్నారు. పోనీ నేనే ఒక చీర కొంటానన్నాను. "ఇంటి సొమ్ము ఇంట్లో తిరిగితే బోణీ అవుతాదేటమ్మా" అన్నారు. డాక్టరు కోసం వెళ్ళిన మా ఆయన ఆ జనంలో ఎక్కడ చిక్కుకున్నారో, జాడ లేదు. లోపలికొచ్చి దీపం ముందు నిలబడితే, చిన్నప్పటినుంచీ వచ్చిన శ్లోకం సగంలో ఆగిపోయింది.

అప్పుడు అత్తగారు దేవుడి పటం వెనకనుంచి ఓ గుడ్డమూట తీసి, వీధిలోకి నడిచి, కొట్టు మెట్లెక్కారు. నలభై ఏళ్ళ కాపురంలో ఆవిడ అటునుంచి ఎక్కడం అదే మొదలు.

"ఆకుపచ్చ జాకెట్టు గుడ్డ సూపించండి."

"ఏటిది?" అన్నారు మామగారు.

"బేరానికొచ్చాను. ఇది మీ సొమ్ము కాదు. మా అమ్మ నాకు పసుపు కుంకాలకిచ్చింది."

ఆయన తడుముకుంటూ గుడ్డ తాను విప్పి ధర చెప్పారు. ఆవిడ సగానికి అడిగారు. "మాది ఒకటే మాట" అన్నారాయన, ఎక్కణ్ణుంచి వచ్చిందో పాత కరుకు గొంతు. "అయితే ఎదురుగా కొత్తది తెరిసినారంట, అక్కడే సూసుకుంటాను" అని ఆవిడ నిజంగానే ఒక మెట్టు దిగారు. తలుపు వెనక నేను పంచదార నీళ్ళ గ్లాసు మళ్ళీ చేతిలోకి తీసుకున్నాను.

"ఆగండమ్మా" అన్నారు మామగారు. భార్యని ఆయన మీరన్నది ఆ ఒక్కసారే. అయిదు రూపాయలు తగ్గించి, గుడ్డ కోసి, ఆవిడ మూట విప్పి ఇచ్చిన నలిగిన నోటు కళ్ళకద్దుకున్నారు. పంచదార నీళ్ళ గ్లాసు నేనే నోటికి అందించాను. డాక్టరు వచ్చేసరికి రెండో ఇడ్లీలో ఉన్నారు. మర్నాటినుంచి ముందు ఫలహారం, తరవాతే బోణీ. నియమం మార్చింది అత్తగారే.

ఇప్పుడు వాళ్ళిద్దరూ లేరు, కొట్టూ లేదు. కుట్టించని ఆ ఆకుపచ్చ గుడ్డ నా పెట్టెలో ఉంది. కాలం రోడ్డు దాటి అవతలికి వెళ్ళిపోయిందనుకున్నాను గాని, వెళుతూ వెళుతూ ఆ కళ్ళకద్దుకోవడాన్ని కూడా వెంట తీసుకెళ్ళింది. ఆ పిల్ల బోణీ నా చేతిమీదుగా అయినందుకు దేవుడికి మనసులోనే దణ్ణం పెట్టుకున్నాను.