ఒక ఫోను, నాలుగు గొంతులు

మా ఆవిడ ఝాన్సీలక్ష్మి ఇరవై ఆరేళ్లు కళ్లతో పాఠం చెప్పింది. నమ్మకపోతే మా దీవిలో, రంగత్ బడిలో ఆమె దగ్గర లెక్కలు నేర్చుకున్న ఎవరినైనా అడగండి. గొంతు పెంచేది కాదు, బెత్తం పట్టేది కాదు. సుద్దముక్క ఆపి, అల్లరి చేసినవాడి వైపు అలా ఒక చూపు చూసేది. వాడు నీరుకారిపోయేవాడు. ఆ చూపు నా మీద కూడా చాలాసార్లు పడింది కనుక దాని బలం నాకు బాగా తెలుసు. పీడబ్ల్యూడీ స్టోరులో ముప్పై ఏళ్లు సిమెంటు బస్తాలకు కాపలా కాసి రిటైరైనవాణ్ణి నేను. ఇంజనీర్లకే లొంగలేదు, ఈమె చూపుకు లొంగాను.

2020లో బడులు మూసేశారు. జూలైలో ఫోన్లో క్లాసులు చెప్పమన్నారు. ఉదయం పదింటికల్లా ఇస్త్రీ చీర కట్టుకుని, ముందుగదిలో పప్పుల డబ్బాకు ఫోను ఆనించి, తొమ్మిదో తరగతి ముందు కూర్చునేది. మా దీవుల్లో నెట్ సంగతి తెలిసిందే. వీడియో పెడితే మాట ఆగిపోతుంది. కనుక పిల్లలంతా కెమెరాలు కట్టేసుకోవాలి. ఇక చూసేదెవరిని? ముప్పై నాలుగు నల్లటి గళ్లు, వాటి మీద పేర్లు. ఒకడు మధ్యలో సినిమా పాట పెట్టేవాడు. ఇంకొకడు తన పేరు తీసేసి హెడ్మాస్టరు పేరు పెట్టుకునేవాడు. ఎవరింట్లోనో కుక్కరు కూసేది. "కౌన్ హై? ఎవరది?" అని ఈమె గద్దిస్తే అన్ని గళ్లూ గప్‌చిప్. బడిలో అయితే చెవులు ఎర్రబడినవాణ్ణి చూసి ఇట్టే పట్టేసేది. ఇక్కడ చెవులెక్కడివి!

నేను వంటగదిలోంచి నవ్వేవాణ్ణి. "టీచరమ్మ గారి పప్పులు ఉడకడం లేదు" అని ఎగతాళి కూడా చేశాను. క్లాసు అయ్యాక బాత్‌రూములో కుళాయి తిప్పుకుని ఏడ్చేదని నాకు ఆలస్యంగా తెలిసింది. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఆ క్లాసులో సారా అని ఒక పిల్ల. ఎర్రట్టా జెట్టీ దగ్గర ఇల్లు. తండ్రి ఏలీయా డింగీ అనే చిన్న పడవ మీద చేపల వేటకు వెళతాడు. ఆదివారం తెలుగు చర్చిలో పాటలన్నీ ఈ పిల్లే ఎత్తుకోవాలి. దాని గొంతులో ఏదో మాయ ఉంది. ఎవరి మాటనైనా దించేసేది. స్కూలు వార్షికోత్సవంలో మా ఆవిడలాగా మాట్లాడి చూపిస్తే అందరికంటే ఎక్కువ నవ్వింది మా ఆవిడే.

ఆ పిల్లతోనే గొడవ వచ్చింది. హాజరు పిలిచేటప్పుడు సారా ఫోనులోంచి నాలుగుసార్లు "ప్రెజెంట్ మేడమ్" వినిపించడం మొదలైంది. ఒకటి సారా గొంతు. ఇంకొకటి పీలగా, అదే క్లాసు సుష్మా గొంతు. తర్వాత ముక్కుతో పలికే రోష్నీ. చివర నీలిమ. క్లాసంతా పగలబడి నవ్వేది. రాని పిల్లలకు సారా దొంగ హాజరు పలుకుతోందని గొణుక్కుంటూ మా ఆవిడ రెండు రోజులు ఓర్చుకుంది. మూడో రోజు, "సారా, నాటకాలు చాలు" అంది.

"సచ్ మేడమ్, నిజం, వాళ్లు ఇక్కడే..." అంటుండగా మాట తెగిపోయింది. తిరిగి కలిసేసరికి అదే ఫోనులోంచి కిలకిలా నవ్వులు, వెనకాలే సుష్మా గొంతు, "ప్రెజెంట్ మేడమ్!"

మా ఆవిడకు ఒళ్లు మండిపోయింది. ఆ నంబరును క్లాసులోంచి తీసేసింది, బ్లాక్ కూడా చేసింది. వేటకెళ్లే ఇళ్లలో పెద్దవాళ్లు చాలామందికి చదవడం రాదు. అందుకని వాళ్లకు ఏం చెప్పాలన్నా గొంతు రికార్డు చేసి పంపేది. ఏలీయాకూ అలాగే పంపింది. "మీ అమ్మాయి చదువుకు రావడం లేదు, ఆటకు వస్తోంది. ఈ పిల్లకు ఫోను ఇవ్వడం దండగ."

"అలా ఉండాలి!" అన్నాను నేను. మర్నాడు క్లాసు నిశ్శబ్దంగా సాగింది. చాలా రోజులకు ఆవిడ కడుపునిండా అన్నం తింది.

నెల తిరిగాక బడిలో పిల్లలకు బియ్యం పంచారు. తల్లితో పాటు సంచీ పట్టుకుని సుష్మా వచ్చింది. "క్లాసుకు ఎందుకు రావడం లేదు?" అని మా ఆవిడ ఆ చూపే చూసింది.

"ఎలా రావాలి మేడమ్? మా ఇంట్లో ఫోను లేదు. రోష్నీకీ లేదు, నీలిమకీ లేదు. మేం సారా వాళ్లింట్లో కూర్చునేవాళ్లం. మీరు సారాను తీసేశారు కదా" అంది సుష్మా.

మా ఆవిడ ఇంటికొచ్చి చెప్పులు కూడా విప్పకుండా కుర్చీలో కూలబడింది. ఆ నాలుగు గొంతులూ నిజంగా నాలుగు గొంతులే. ముగ్గురు పిల్లలు నాచు పట్టిన దారిలో నడిచి వెళ్లి, ఒకే ఫోను చుట్టూ మూగి, హాజరు పలికారు. అంతమందిలో సారాకు మాత్రమే గొంతులు దించడం వచ్చు కనుక, ఆ ఒక్క పిల్లను ఎవరూ నమ్మలేదు. వెంటనే నంబరు విడిపించి ఫోను చేసింది. కలవలేదు. మూడు రోజులు చేసింది. నాలుగో రోజు ఇద్దరం మాస్కులు కట్టుకుని ఎర్రట్టా బస్సెక్కాం. ఎలాగైనా సారాను తిరిగి క్లాసులో కూర్చోబెట్టాలని ఆవిడ పట్టుదల. తన పాత ఫోను చార్జి చేసి సంచీలో పెట్టుకుంది.

ఏలీయా వల బాగుచేసుకుంటున్నాడు. మమ్మల్ని చూసి లేచి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. భార్య మేరమ్మ లోపల్నించి రెండు కుర్చీలు తెచ్చి తుడిచింది.

"సారా ఏది?" అంది మా ఆవిడ.

"పోర్ట్ బ్లెయిర్ పంపీసినామమ్మా. అక్కడ లంబాలైన్ పేటలో ఒకోళ్లింట్లో పసిబిడ్డున్నాది, సూసుకోడానికి."

"తప్పు నాది ఏలీయా గారూ. ఆ పిల్లలు క్లాసుకు నిజంగానే ఇక్కడికి వచ్చారు. నేను పొరబడ్డాను. సారాను వెనక్కి పిలిపించండి. ఫోను నేనిస్తాను. పోయిన పాఠాలన్నీ నేనే మళ్లీ చెబుతాను."

అతను కంగారుపడ్డాడు. "అయ్యో, మీరలాగనకండి టీచరమ్మా. మీ మంచితనం కొద్దీ అంటన్నారు గానీ, మీకు తెల్దేటి? ఎంతమంది పిల్లల్ని సూసినోరు! మీ మాట ఇంటిల్లిపాదీ ఇన్నాం. సంఘం పెద్దలకీ ఇనిపించినాం. టీచరమ్మ గారే సెప్పినాక ఇంకేటుంది, ఫోను నాతో వేటకి అట్టుకుపోతన్నాను."

"ఆ మాటే తప్పంటున్నాను కదా!" అంది. అంత చిన్న గొంతు ఆమె దగ్గర నేనెప్పుడూ వినలేదు.

"ఆళ్లకి మాటిచ్చీసినామమ్మా. మార్చి దాకా పంపరు. అయినా పిల్ల కూడా ఒప్పేసుకుందండి. మీ మాట ఇన్నాక రెండ్రోజులు కూడు తిన్లేదు. ఆనక తనే అంది, మేడమ్ సెప్పిందంటే నిజమే నాన్నా, నాకు సదువు రాదులే, అని."

మార్చికి పరీక్షలే అయిపోతాయి. మా ఆవిడ సంచీలోంచి ఫోను తీసి ఇవ్వబోతే మేరమ్మ పుచ్చుకోలేదు. "ఎవులికమ్మా ఇప్పుడు?" అని మెల్లగా అంది.

మేం లేచాక ఏలీయా గబగబా లోపలికి వెళ్లి, ఆ పూట దొరికిన వంజరం చేపను కాగితంలో చుట్టి తెచ్చాడు. అంత దూరం తన ఇంటికి వచ్చిన టీచరమ్మను వట్టి చేతులతో పంపడం అతనికి ఇష్టం లేదు. వద్దంటే బాధపడతాడని తీసుకుంది. బస్సు దాకా వచ్చి, మా ఆవిడ ఎక్కేటప్పుడు దండం పెట్టాడు. అతని ముఖంలో కోపమేమైనా ఉందేమోనని వెతికాను. ఒక్క పిసరు లేదు.

బస్సు కదిలాక ఒళ్లోని చేపను రెండు చేతులతో పట్టుకుని కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. రంగత్ రాబోతుండగా అంది, "ఒక్క మాట తిట్టినా బాగుండేదండీ."