చిట్టి చెప్పిన 'కింద'

ఆ రోజుల్లో పసిపిల్లలకి మాటలు నేర్పడం పెద్దవాళ్ల పనిగా ఎవరూ అనుకునేవారు కాదు. ఇంట్లో ఎవరికి బడి సెలవులైతే వాళ్ల చంకలోకి ఎక్కించేవారు, ఇక వచ్చిన మాటలే మాటలు. అలా యాభైల చివర్లో ఓ వేసవిలో, జగ్గయ్యపేటలో మా ఇంటికొచ్చిన అక్క ఏడాదిన్నర కూతురు చిట్టి నా చంకెక్కింది. నాకప్పుడు పదేళ్లు (బుద్ధి అంతకంటే తక్కువ). 'పైన', 'కింద' నేర్పమంది అక్క. తిన్నగా నేర్పితే మజా ఏముంది? బొమ్మని మంచం కింద పెట్టి "పైన" అన్నాను, అటక మీద పెట్టి "కింద" అన్నాను. వారం తిరిగేసరికి చిట్టి ఆకాశంలో కాకిని చూపించి "కింద" అంటుంటే పెద్దవాళ్లు "పాపం, ఇంకా తెలీదు" అనుకునేవారు. తెలియకపోవడమేమిటి! ఏది ఎక్కడుందో దానికి శుభ్రంగా తెలుసు, ఒక్కసారీ తడబడేది కాదు. మాటే తలకిందులు.

ఇంతలో అక్క అత్తగారు తల్లీపిల్లల్ని నందిగామ తీసుకెళ్లడానికి వచ్చారు. ఆ సాయంత్రమే అక్కడ ఆవిడ చిన్నకొడుకు పెళ్లిమాటలు. మధ్యాహ్నం ఓ కునుకు తీసి లేచేసరికి గ్లాసులో పెట్టుకున్న కట్టుడు పళ్లు లేవు. ఖాళీ గ్లాసు చిట్టి చేతిలో ఉంది. బస్సుకి అరగంటే టైముంది.

"ఫళ్లు లేకుండా ఆళ్ల ముందు ఎట్లా కూచునేదే!" అంటూ ఆవిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు.

"చిట్టీ, నాయనమ్మ పళ్లేవమ్మా?" అంది అక్క.

"కింద!" అంది చిట్టి, ఏమాత్రం సందేహం లేకుండా.

అంతే, అక్కా అమ్మా మంచం కింద దూరారు. అత్తగారు కూడా వంగారు (నడుం పట్టేసింది). చిట్టి మాత్రం మంచం మీద నుంచుని, గోడ గూటివైపు చెయ్యి చాపి "కింద, కింద" అని అరుస్తోంది. ఆ ఇంట్లో దాని భాష తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. చెబితే నా వీపు చిట్లుతుంది, చెప్పకపోతే పెళ్లిమాటలు చెడతాయి. ఇంత చక్కగా చెబుతుంటే ఎవరూ వినరేమన్నట్టు దాని కళ్లలో నీళ్లు తిరిగాయి. అది చూడలేక మంచమెక్కి, గూట్లోంచి పళ్లు తీశాను.

"నీకెట్లా తెలిసిందే?" అంది అమ్మ, మంచం కిందనుంచి తల బయటపెట్టి.

"చిట్టి చెప్పిందిగా!" అన్నాను, నోరు జారి.

రెండో దెబ్బ పడేలోగా అత్తగారు పళ్లు పెట్టుకుని పగలబడి నవ్వారు. "పోనియ్యండి వదినగారూ, పిల్ల నిజమే చెప్పింది. మనకే అర్థం కాలా!"

బస్సు దొరికింది, పెళ్లీ కుదిరింది. నెల తిరక్కుండానే అక్క ఉత్తరం రాసింది, చిట్టి ఇప్పుడు పైనని పైన అనే అంటోందని. అందరూ సంతోషించారు. నేను మాత్రం ఆ పూట అన్నం సయించక పెరట్లో కూర్చున్నాను. మా ఇద్దరికే తెలిసిన భాష నా ఒక్కదానికే మిగిలిపోయిందని ఏడ్చిన ఆ పదేళ్లదాన్ని తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది, కాస్త ముద్దూ వస్తుంది.