ఎలిఫెంటా స్తంభాలు, మా మేనమామ

పదో గల్లీ పెద్దలారా, భారతదేశ చరిత్రకు నేను చేసిన ద్రోహానికి మన గల్లీ నోటీసు బోర్డు ముందు సాష్టాంగపడి క్షమాపణ వేడుకుంటున్నాను.

ఈ రోజు కాలేజీ స్నేహితులను ఎలిఫెంటా గుహలకు తీసుకెళ్లి, ఆ స్తంభాలన్నీ పడవల్లో తెచ్చి నిలబెట్టారని గంభీరంగా సెలవిచ్చాను. అక్కడ మెట్లు బాగుచేస్తున్న రాతిపనివాళ్లలో మా మేనమామ ఉన్నాడు. సుత్తె పక్కన పెట్టి పకపకా నవ్వాడు.

"గంత రాయి పడవల ఎట్లొస్తది అల్లుడా? కొండనే తొలిచిన్రు. కంబాలు నిలవెట్టలే, మిగిలిచ్చిన్రు. ఒక్క దెబ్బ తప్పితే మళ్ల అతికేది లేదు."

అదే మాట ఆయన హిందీలో చెప్పేసరికి మావాళ్లు నన్ను వదిలేసి ఆయన చుట్టూ చేరారు. గోడ మీద ఉలి దెబ్బ ఏ వైపు నుంచి పడిందో చూపిస్తుంటే నోళ్లు తెరుచుకుని విన్నారు.

సాయంత్రం ఇంట్లో మామ ఏమీ జరగనట్టే నా పక్కన కూర్చుని, "అన్నం చల్లగైతది, తిను" అన్నాడు. ఆయన పక్కన ముద్ద ఎలా మింగాలో తెలిసినవాళ్లు కింద రాయండి.

చరిత్ర నన్ను ఎలాగూ క్షమిస్తుంది. నేను అసలు చేసింది వేరు. "ఈయన నీకు తెలుసా?" అని స్నేహితుడు అడిగితే, మామ వింటుండగానే "ఎవరో కూలీ" అన్నాను.