రెండో హెల్మెట్

దెయ్యాలున్నాయని నేను ఏనాడూ నమ్మలేదు. ఇలాంటివి చెప్పేవాళ్లందరూ మొదట ఈ మాటే అంటారని నాకూ తెలుసు. కానీ నేను గాజువాకలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో పద్దెనిమిదేళ్లుగా ఎక్స్‌రేలు తీస్తున్నాను. లోపల ఉన్నది ఉన్నట్టు, లేనిది లేనట్టు చూపించడం నా ఉద్యోగం. మా చర్చిలో కూడా చనిపోయినవాళ్లు ప్రభువు దగ్గర నిద్రలో ఉంటారనే చెబుతారు గానీ, ఊళ్లు తిరుగుతారని ఎవరూ చెప్పలేదు.

కాబట్టి ఇది భయపడి రాస్తున్నది కాదు. ఒళ్లు మండి రాస్తున్నాను.

మా ఆయన ప్రభుదాసు స్టీల్‌ప్లాంటులో ఫిట్టరుగా చేసేవారు. మూడేళ్ల కిందట ఒక పొద్దున షిఫ్టుకి బయల్దేరుతూ, బూట్ల లేసులు కట్టుకుంటూ అలాగే కూలబడిపోయారు. ఆసుపత్రికి చేరేసరికే అంతా అయిపోయింది.

మంచి మనిషి. కాకపోతే జగమొండి. పందొమ్మిదేళ్ల కాపురంలో ఒక్కసారి కూడా నా చేతికి బండి ఇవ్వలేదు. ఎడమ చేతి చిటికెన వేలు పనిలో సగం తెగిపోయి, నెల రోజులు కట్టుతో ఇంట్లో కూర్చున్నప్పుడు కూడా, డ్రెస్సింగుకి నేను తీసుకెళ్తానంటే వినలేదు. "నాను బతికుండగా నీ ఎనక కూకోను. పడేత్తావు," అని ఆటో పిలిచేవారు. పిల్ల ముందు, పక్కింటివాళ్ల ముందు అదే మాట. అందరూ నవ్వేవారు. నేనూ నవ్వేదాన్ని, లోపల మాత్రం ఉడికిపోయేదాన్ని.

ఆయన పోయాక నలభై నాలుగేళ్ల వయసులో బండి నేర్చుకున్నాను. రెండుసార్లు పడ్డాను. మోకాలి ఎక్స్‌రే నేనే తీసుకున్నాను. ఎముక బాగానే ఉందని తేలాక మూడోసారి ఎక్కాను.

నిరుడు చలికాలంలో మూడు రోజులు ఎక్కడికైనా ఒక్కదాన్నే వెళ్లి రావాలనిపించింది. అనిపించింది, అంతే. మధురవాడలో హాస్టల్లో ఉండి చదువుకుంటున్న మా అమ్మాయి, అండమాన్‌లో ఒక చిన్న దీవి ఉందనీ, స్కూటర్ మీద పావుగంటలో ఈ చివర నుంచి ఆ చివరకి వెళ్లిపోవచ్చనీ చెప్పి తనే టికెట్లు తీసింది. దీవి పేరు మాత్రం రాయను. అక్కడివాళ్లు మంచివాళ్లు, వాళ్ల ఊరికి లేనిపోని పేరు రావడం నాకిష్టం లేదు.

ఇంక చూడండి. ఆసుపత్రిలో "ఒక్కరేనా మేడమ్?" పక్కింట్లో "ఒక్కదానివేనా?" చర్చిలో పాటలు పాడే ఆడవాళ్లు ఒకరి తర్వాత ఒకరు, "ఒక్కదానివే?" చివరికి మా ఆయన అక్కగారు, మార్తమ్మ వదిన, తగరపువలస నుంచి ఫోన్ చేసింది.

"ఏటే ఎస్తేరూ, మొగుడు లేని ఆడది ఒక్కతీ దీవులెంట తిరగడమేటే? నలుగురూ ఏటనుకుంతారు?"

"అనుకోనీ వదినా," అని ఫోన్ పెట్టేశాను. ఒంటరిగా ఉండటానికి కూడా ఇంతమంది దగ్గర అనుమతి తీసుకోవాలా అని ఆ రాత్రి అన్నం కూడా సరిగ్గా తినలేదు. ఎలాగైతేనేం, వెళ్లాను.

దీవిలో బోటు దిగగానే ఒక బెంగాలీ ఆయన దగ్గర స్కూటర్ అద్దెకి తీసుకున్నాను. పాత బండి. అద్దాలు రెండూ ఊడిపోయి ఊచలు మాత్రం మిగిలాయి. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి.

అక్కడ నేనొక పొరపాటు చేశాను. ప్లాంటు గేటు దగ్గర బండి వెనక కూర్చున్నవాళ్లకి కూడా హెల్మెట్ ఉంటేనే లోపలికి వదులుతారు. అందుకే ప్లాంటు ఉద్యోగుల ఇళ్లలో బండి తాళంతో పాటు రెండు హెల్మెట్లు చేతిలోకి వచ్చేస్తాయి. ఆ అలవాటున, ఏమాత్రం ఆలోచించకుండా, "దో హెల్మెట్" అనేశాను. ఆయన రెండు ఇచ్చాడు. ఒకటి చాలని వెనక్కి ఇవ్వడానికి నామోషీ అనిపించి, రెండోది బండి ముందు కొక్కేనికి తగిలించి బయల్దేరాను.

ఇక్కడిదాకా అంతా మామూలే. తర్వాత జరిగినవన్నీ పట్టపగలు జరిగాయి. ఎండ బాగా కాస్తోంది. నేను ఆరోగ్యంగా ఉన్నాను, ఆకలి కూడా బాగా వేస్తోంది.

మొదటి బీచ్ దగ్గర కొబ్బరిబొండాలతను, నేను వేలు ఎత్తి ఒకటి అని చూపించినా రెండు కొట్టాడు. ఒకటి నా చేతికిచ్చి, రెండోది నా భుజం మీదుగా వెనక్కి చాపాడు. నేను తిరిగి చూశాను. స్కూటర్ ఉంది, సీటు ఉంది, ఇసక ఉంది. "ఒకటే అన్నాను కదా," అని వచ్చీరాని హిందీలో గట్టిగా అన్నాను. అతను నా వెనక ఎవరినో చూసి, మీ ఇష్టం అన్నట్టు భుజాలెగరేసి బొండాం పక్కన పెట్టేశాడు.

హెల్మెట్లు రెండు చూసి ఇద్దరనుకున్నాడు కాబోలని సరిపెట్టుకున్నాను.

దీవి మధ్యలో ఒక కొండ ఉంది. దాని కింద రోడ్డు పక్కన రేకుల షెడ్డులో భోజనాల కొట్టు. నడిపే ఆవిడ పేరు నూకాలు. నోరు తెరవగానే మనూరి మాట. భీమిలి నుంచి పెళ్లై వచ్చి ఇరవై ఏళ్లుగా అక్కడే ఉంటోందట. నాది విశాఖపట్నమనీ, అత్తవారిది తగరపువలస అనీ చెప్పగానే పొంగిపోయింది. "అయ్యో తల్లీ! మా అక్క తగరపువలస సంతలోనే సేపలు అమ్ముతాది!" అంటూ బెంచీ తుడిచి కూర్చోబెట్టింది.

తర్వాత రెండు ప్లేట్లు తెచ్చింది. అన్నం, చేపల పులుసు. ఒకటి నా ముందు, ఒకటి నా పక్కన ఖాళీ చోటు ముందు.

"నేనొక్కదాన్నే అమ్మా," అన్నాను.

నూకాలు నా పక్కకి చూసింది, నన్ను చూసింది, కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. "ఏటి, దారిలో దెబ్బలాడుకున్నారేటి? పోనీలే తల్లీ, కడుపులో పడితే కోపం తగ్గిపోతాది," అంది.

నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. ఊళ్లో ఒక్కదానివేనా, ఒక్కదానివేనా అని అందరూ ప్రాణం తీశారు. ఇక్కడ ఒక్కదాన్నే మొర్రో అంటుంటే ఒక్కరూ నమ్మరు! ఆడది ఒంటరిగా వచ్చిందంటే ఆ పక్కన మగవాడిని ఊహించుకుంటే తప్ప వీళ్లకి కంటికి ఆనదా? ఆ కోపంలోనే, వండిన అన్నం పారేయడం పాపమని రెండు ప్లేట్లూ నేనే తినేశాను.

వెళ్లేముందు నూకాలు ఫోనులో ఒక ఫొటో తీసి, మనూరివాళ్లు వచ్చారని అక్కకి పంపించింది.

సాయంత్రం నాలుగున్నరకి బండి తిరిగి ఇచ్చేశాను. బెంగాలీ ఆయన నేను పెట్టుకున్న హెల్మెట్ గుడ్డతో తుడిచాడు. తర్వాత కొక్కేనికి ఉన్న రెండోది తీశాడు. దాన్ని కూడా తుడిచాడు. గుడ్డ తడిసింది. నేను చెయ్యి పెట్టి చూశాను. లోపల స్పాంజి చెమటతో తడిసి ఉంది. ఆ హెల్మెట్ పొద్దుటి నుంచి నేను తలకి పెట్టుకోలేదు. అది కొక్కెం మీదే ఎండలో వేలాడుతూ ఉంది. వాసన చూస్తే కొబ్బరినూనె. మా ఆయన రాసుకునేది కొబ్బరినూనే. కానీ అక్కడ కొబ్బరినూనె రాసుకోనివాళ్లెవరు? అది సాక్ష్యం కాదు. తడి మాత్రం సాక్ష్యమే.

అసలు గొడవ ఇంటికి వచ్చాక మొదలైంది.

నూకాలు అక్క ఆ ఫొటోని సంతలో తెలిసినవాళ్లందరికీ చూపించింది. మార్తమ్మ వదిన ఆమె దగ్గరే చేపలు కొంటుంది. "మొగుడూ పెళ్లాలు వొచ్చినారంట, మా సెల్లి కొట్లో తిన్నారంట," అని చూపిస్తే, అందులో నేను! వదిన మర్నాడే బస్సెక్కి మా ఇంట్లో దిగింది. చెప్పులు కూడా విప్పలేదు.

"ఎవుడే ఆడు?"

"ఎవడు వదినా?"

"నీ ఎనకాల బండెక్కి తిరిగినోడు! దీవంతా సూసినాదంట! వొచ్చే ఆదివారం నా తమ్ముడి జ్ఞాపకార్థ కూడిక. నువ్వు ఆ కూడికలో నిలబడితే నాను ఒప్పుకోను. సంఘం ముందే అడిగేత్తాను."

ఆయన పోయినప్పటి నుంచి ఏటా ఆ కూడికలో ఆయన గురించి నాలుగు మాటలు చెప్పేది నేను. ఆ మనిషికి ఇంకేం మిగల్లేదు, ఆ నాలుగు మాటలు తప్ప. అవి చెప్పే హక్కు కూడా లాక్కుంటానంటోంది. నా పరువు ఒకటీ పోతే పోయింది, మా అమ్మాయి రేపు ఆ చర్చిలో ఎలా తలెత్తుకుంటుంది?

ఫొటో చూపించమన్నాను. చూపించింది. ఫొటోలో బెంచీకి ఒక చివర నేను ఉన్నాను, ముఖం మాడ్చుకుని. మిగతా సగం ఖాళీ. ముందు రెండు ప్లేట్లు. ఒక్క మనిషిని ఫొటో తీసేవాళ్లు ఎవరూ అలా తీయరు. ఇద్దరున్నట్టు సరిగ్గా కొలిచి తీసింది.

"ఇందులో ఎవరున్నారు వదినా?"

"ఫొటో తీసినప్పుడు పక్కకి తప్పుకునుంటాడు!"

నేనప్పుడు ఇక లాభం లేదని, వదిన చేతే ఆ అక్కకి ఫోన్ చేయించి నూకాలు నంబరు తీసుకున్నాను. ఫోన్ స్పీకర్లో పెట్టాను. వదినతో చెప్పాను, అడిగేది నువ్వే, నేను నోరు మెదపను అని. నిజంగానే మెదపలేదు.

"ఆయమ్మతో వొచ్చినోడు ఎలాగున్నాడమ్మా?" అని అడిగింది వదిన.

"మంచిగున్నాడమ్మా," అంది నూకాలు. "నల్లగా, పొడుగ్గా. కాకీ సొక్కా సేతులు మడత పెట్టుకున్నాడు. బూట్లేసుకున్నాడు గానీ ఒక కాలి బూటుకి లేసు కట్టుకోలేదు. తొక్కి పడిపోతాడేమో అనుకున్నాను. ఎడం సేతికి సిటికినేలు సగమే ఉంది పాపం."

వదిన మంచం మీద కూర్చుండిపోయింది.

నూకాలు హలో, హలో అంటోంది. ఆవిడకి మా ఆయన చనిపోయిన సంగతి తెలియదు. ఆయన ఫొటో నేను చూపించలేదు. సంతలో వాళ్లక్క మా ఆయన్ని ఎప్పుడైనా చూసి ఉండొచ్చు, వేలు సంగతి చెప్పి ఉండొచ్చు. అలా కూడా ఆలోచించాను. మరి బూటు లేసు సంగతి? అది ఆ పొద్దున గదిలో ఉన్న నాకు తప్ప ఎవరికీ తెలియదు. వదినకి కూడా తెలియదు.

వదిన ఫోను దగ్గరగా తీసుకుని, చిన్న గొంతుతో అడిగింది. "ఏటి తిన్నాడమ్మా?"

"ఏటీ తినలేదమ్మా. ప్లేటు ఆయమ్మ కాడికి తోసేసినాడు. ఆయమ్మ తింటుంటే సూసుకుంటా కూకున్నాడు."

వదిన బావురుమంది. కాసేపటికి తేరుకుని, ఇందాక నన్ను సంఘం ముందు నిలదీస్తానన్న మనిషే, "నా తమ్ముడి ఆత్మకి శాంతి లేదే, పాస్టరుగారి చేత ప్రార్థన చేయిద్దాం," అని మొదలుపెట్టింది. అప్పుడు నాకు ఇంకా మండింది. ఐదు నిమిషాల కిందట నేను చెడిపోయినదాన్ని, ఇప్పుడు ఆయన దెయ్యం. మా ఇద్దరిలో ఎవరో ఒకరి పరువు తీస్తే గానీ వీళ్లకి నిద్రపట్టదా?

ప్రార్థన వద్దన్నాను. కూడికలో ఎప్పటిలాగే నేనే నిలబడి నాలుగు మాటలు చెప్పాను. దీవి సంగతి చెప్పలేదు. వదిన ముందు వరసలో కూర్చుని తలదించుకుని విన్నది.

ఇప్పటికీ దీన్ని ఏమనాలో నాకు తెలియదు. దెయ్యాలు లేవనే అంటాను. ఆ దీవిలో నాకు చలి పుట్టలేదు, వెనక బరువు తెలియలేదు, భుజం మీద చెయ్యి పడలేదు. ఏమీ, ఏమీ అనిపించలేదు. నా కోపమంతా దానికే. బొండాలవాడు చూశాడు. నూకాలు చూసింది, ఫొటో కూడా తీసింది. పందొమ్మిదేళ్లు అన్నం వండి పెట్టిన నేను మాత్రం బండి నడుపుతూ ముందుకి చూస్తూ ఉన్నాను. కనీసం అద్దాలు కూడా లేవు ఆ దిక్కుమాలిన బండికి.

బతికుండగా నా వెనక కూర్చోనన్నారు. అన్న మాట మీదే నిలబడ్డారు, కాదనను.

ఇప్పుడు నా బండికి రెండో హెల్మెట్ ఎప్పుడూ తగిలించే ఉంటుంది. ఎడమవైపు అద్దం కొంచెం లోపలికి తిప్పుకున్నాను. మొన్న సర్వీసింగులో మెకానిక్ దాన్ని సరిచేయబోతూ, "ఇలా పెడితే మీకు రోడ్డు కనపడదు మేడమ్, వెనక సీటే కనపడుతుంది," అన్నాడు. ముట్టుకోవద్దని కసిరాను.

రోజూ కూర్మన్నపాలెం నుంచి గాజువాక దాకా అందులో చూసుకుంటూనే వెళ్తున్నాను. సీటు ఖాళీగానే కనిపిస్తుంది. ఎక్కేముందు ఒక్క మాట చెబితే ఆయన సొమ్మేం పోయింది?