షాలేం రాజు అంకుల్ కిక్కర్

షాలేం రాజు అంకుల్‌కి ఫుట్‌బాల్ లేకుండా ప్రార్థన రాదు. అమెరికాలో, ట్రాయ్ ఊళ్లోని తెలుగు చర్చిలో ప్రార్థన మనవులు చెప్పుకునే వేళ ఒకరు మోకాలి నొప్పికి లేస్తారు, ఒకరు కొత్త ఇంటికి లేస్తారు. ఆయన మాత్రం అక్కడి యూనివర్సిటీ ఫుట్‌బాల్ జట్టు కోసం లేస్తాడు. పోనీ ఆట తెలుసా అంటే, మనవాళ్లు బంతితో గీత దాటి టచ్‌డౌన్ చేస్తే "సిక్సర్!" అని అరిచే మనిషి.

ఈ సీజన్ మొదటి శనివారమే జట్టు ఓడింది. ఆఖరి క్షణంలో బంతిని స్తంభాల మధ్యకి తన్నాల్సిన కిక్కర్ పక్కకి తన్నాడు. కోచ్ అతన్ని తీసుకెళ్లి బెంచీ మీద కూర్చోబెట్టాడు. మర్నాడు అంకుల్ లేచాడు.

"సంఘమా, మన కిక్కర్, నంబర్ ఎనభై మూడు. బంగారం లాంటి పిల్ల... పిల్లాడు. ఒక్క ఛాన్స్ కోసం బెంచీ మీద ఎదురుచూస్తున్నాడు. భారంతో ప్రార్థించండి."

అందరూ నవ్వు ఆపుకుంటూ కళ్లు మూసుకున్నారు. పాస్టర్ సామ్యూల్ గారు నవ్వుని దగ్గులోకి మార్చి మరీ "ఆమెన్" అన్నారు.

వెనక వరసలో స్పందనకి మాత్రం నవ్వు రాలేదు. వేసవిలో మాస్టర్స్ అయింది, ఉద్యోగం రాలేదు. చదువయ్యాక ఉద్యోగం లేకుండా ఉండటానికి వీసా పిల్లలకి ఈ దేశం ఇచ్చేది తొంభై రోజులు. అవి దాటితే సూట్‌కేస్ సర్దుకోవాల్సిందే. ఫీజులు గుంజుకునేటప్పుడు ఎవరూ రోజులు లెక్కపెట్టరు! గడువు మొదలైన ఆదివారమే, చర్చి నుంచి కార్‌లో దింపుతూ అంకుల్ గుచ్చి గుచ్చి అడిగితే చెప్పేసింది. వెంటనే మాట తీసుకుంది.

"చర్చిలో నా పేరెత్తకండి అంకుల్. జోసఫిన్ ఆంటీ చెవిన పడిందంటే, బాపట్లలో మా అమ్మకి నిద్రపోయేలోపు తెలిసిపోద్ది."

"నా నోట్లోంచి రాదు తల్లీ."

రాలేదు. అదే బాధ. బాపట్ల చర్చిలో అయితే ముసలమ్మలు హాల్‌టికెట్ నంబర్‌తో సహా పేరు పెట్టి ప్రార్థించేవాళ్లు. ఎత్తొద్దని తనే చెప్పింది. అయినా ఒక్కసారి, ఎవరో ఒకరు, తన పేరు పైకి అంటే బాగుండునని ప్రాణం కొట్టుకునేది. ముక్కూ మొహం తెలియని కిక్కర్ మీద మాత్రం ఈయనకి ఎక్కడ లేని ప్రేమ!

తర్వాతి ఆదివారం అంకుల్ "నంబర్ డెబ్బై ఆరు" అన్నాడు. ఆపై వారం "అరవై తొమ్మిది".

"డాడీ, ప్లీజ్!" అంది కూతురు షారన్. ఆ యూనివర్సిటీ బ్యాండ్‌లోనే ట్రంపెట్ వాయిస్తుంది. "మన కిక్కర్‌కి ఆ నంబర్ కాదు. ఎవ్రీ వీక్ ఛేంజ్ చేస్తున్నావ్!"

"దేవుడికి తెలుసులేమ్మా."

"పెళ్లిరోజే గుర్తుండదు, నంబర్లు గుర్తుంటాయా ఈయనకి?" అంది నవోమి ఆంటీ, ఆయన భార్య.

అక్టోబర్‌లో జట్టు వరసపెట్టి గెలిచింది. ఆ కిక్కర్ కూడా మళ్లీ మైదానంలోకి దిగి బ్రహ్మాండంగా తన్నాడు. అంకుల్ ప్రార్థన ఆగలేదు.

"ఏవయ్యా రాజూ, గెలుస్తున్నారు కదా, ఇంకా దేనికి?" అన్నారు పాస్టర్ గారు.

"గెలిచినోళ్లకి చప్పట్లు కొట్టడానికి స్టేడియం నిండా జనం ఉన్నారండీ. బెంచీ మీద ఉన్నోళ్లకి ఎవరున్నారు? మనిషిని కూర్చోబెట్టి ఎదురుగా గడియారం పెట్టే ఆట, అదేం ఆటండీ!"

నవంబర్ వచ్చింది. ఒక ఆదివారం పొద్దున స్పందన ఫోన్‌లో క్యాలెండర్ చూసుకుంది. ఇంకా పదమూడు రోజులు. చర్చికెళ్లి కూర్చుంది. అంకుల్ లేచాడు.

"నంబర్ పదమూడు. చలి పెరిగింది సంఘమా. పాపం, సరైన కోటు కూడా లేదు."

స్పందన తన పల్చటి స్వెటర్ వంక చూసుకుంది. ఎనభై మూడు, డెబ్బై ఆరు, అరవై తొమ్మిది... చుట్టూ యాభై గొంతులు ఆ పదమూడో నంబర్ కోసం దేవుణ్ణి అడుగుతున్నాయి. జోసఫిన్ ఆంటీ గొంతే అందరికంటే పైన ఉంది. ముందు వరసలోంచి అంకుల్ ఒక కన్ను తెరిచి వెనక్కి చూసి, గబుక్కున మూసుకున్నాడు.

ఇంటికి వెళ్తుంటే కార్‌లో అంది: "అంకుల్, కిక్కర్‌కి గురువారం ఇంటర్వ్యూ."

"ఏ కిక్కరమ్మా?" అన్నాడు, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా. వెనక సీట్లో నవోమి ఆంటీది పాత కోటు ఒకటి మడతపెట్టి ఉంది.

తర్వాతి ఆదివారం అంకుల్ కంటే ముందు స్పందన లేచింది.

"సంఘమా, ఆరో నంబర్‌కి ఛాన్స్ వచ్చింది. రేపే దిగుతోంది."

చర్చి చప్పట్లతో మోగిపోయింది.

"ఏ టీమ్‌లో అమ్మా?" అంది జోసఫిన్ ఆంటీ.

"ఇక్కడే ఆంటీ, ట్రాయ్‌లో. కార్ల బ్రేకులు టెస్ట్ చేసే టీమ్."

ఆంటీకి అర్థం కావడానికి ఒక పాట పట్టింది.

"హమ్మయ్య, ఇక ఈయన కూర్చుంటాడు," అంది నవోమి ఆంటీ.

వారం తిరిగింది. శనివారంతో ఆటలన్నీ అయిపోయాయి. ఆదివారం మనవుల వేళ అంకుల్ లేచి గొంతు సవరించుకున్నాడు.

"సంఘమా, నంబర్ తొంభై..."

"డాడీ! సీజన్ అయిపోయింది!"

అందరూ నవ్వు ఆపుకుంటూ కళ్లు మూసుకున్నారు. స్పందన మూసుకోలేదు. ఏ వరసలో ఎవరికి నవ్వు రాలేదా అని చూస్తోంది.